నాలుగో బోర్డు అమ్మాయి

చదరంగం అంటే ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని బుర్రలు బద్దలుకొట్టుకోవడమేగా అంటారా? నేనూ అలాగే అనుకునేదాన్ని. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా స్కూలు జట్టుకి నలుగురు ఆడపిల్లలు కావాల్సొచ్చింది. ముగ్గురే దొరికారు. లెక్క సరిపెట్టడానికి దీన్ని కూర్చోబెట్టారు. చదరంగంలో జట్లుంటాయనీ, జిల్లాకీ జిల్లాకీ కూడా పోటీలుంటాయనీ నాకప్పుడే తెలిసింది.

పద్ధతి సులువే. నాలుగు బోర్డులు వేస్తారు. బాగా ఆడేవాళ్ళు మొదటి బోర్డు, వాళ్ళ తర్వాతివాళ్ళు రెండోది, అలా వరసగా. గెలిస్తే ఒక పాయింటు, డ్రా అయితే అర. నాలుగింట్లో రెండున్నర తెచ్చుకున్న జట్టు గెలిచినట్టు. మన ఇళ్ళల్లో పప్పుకో విలువ, పూర్ణాలకో విలువ గానీ, అక్కడ మొదటి బోర్డు గెలుపుకీ నాలుగో బోర్డు గెలుపుకీ విలువ ఒక్కటే. ఇంగ్లండులో మన జిల్లాల్లాంటి కౌంటీలు వందేళ్ళకి పైగా ఇలాగే పోటీ పడుతున్నాయి.

దేశాల మధ్య జరిగే పోటీని ఒలింపియాడ్ అంటారు. మగవాళ్ళది 1927లో లండనులో మొదలైంది. మనకి? 1957లో! ముప్పై ఏళ్ళు ఆగాల్సొచ్చింది చూడండి. అదీ మొదట్లో ఆడవాళ్ళకి రెండే బోర్డులు. తర్వాత మూడు చేశారు. మగవాళ్ళతో సమానంగా నాలుగు వచ్చింది 2008లో.

ఇక మనవాళ్ళ సంగతి. మా హనుమాన్ జంక్షన్ నుంచి బస్సెక్కితే గంట లోపే గుడివాడ. కోనేరు హంపి పుట్టిన ఊరు అదే. కృష్ణ అవతలి ఒడ్డున గుంటూరు ద్రోణవల్లి హారికది, పెంటేల హరికృష్ణది. జిల్లాల పోటీ అయితే వీళ్ళు ఎదురుబొదురు కూర్చోవాల్సినవాళ్ళేగా! దేశం జట్టులోకి వచ్చేసరికి ఒకే వైపు. 2006 దోహా ఆసియా క్రీడల్లో జట్టు స్వర్ణం తెచ్చిన ముగ్గురిలో హంపి, హరికృష్ణ ఉన్నారు. మూడో ఆయన చెన్నైకి చెందిన శశికిరణ్.

హారిక కథ చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. పదమూడేళ్ళప్పుడు, 2004లో, దేశం జట్టులోకి వచ్చింది. ఒలింపియాడ్ పతకం కోసం పద్ధెనిమిదేళ్ళు ఎదురుచూసింది. 2022లో చెన్నై దగ్గర మామల్లపురంలో పోటీలు పెట్టేనాటికి ఆమెకి తొమ్మిదో నెల. ఆ నెలలో మనల్ని గడప దాటనిస్తారా? ఆమె ఆడింది. చివరి రౌండు దాకా మనవాళ్ళే ముందున్నారు, ఆఖర్న అమెరికా చేతిలో ఓడి కాంస్యంతో సరిపెట్టుకున్నారు. అయినా మన ఆడవాళ్ళ జట్టుకి అదే తొలి పతకం. అదే నెలలో పాప పుట్టింది.

2024 బుడాపెస్టులో హంపి లేదు. హారిక మొదటి బోర్డు. మధ్యలో పోలండు చేతిలో ఓటమి. ఆఖరి రోజున అజర్‌బైజాన్ మీద హారిక, దివ్య, వంతిక గెలిచారు, వైశాలి డ్రా చేసింది. మూడున్నర! స్వర్ణం. అదే రోజు మగవాళ్ళకీ స్వర్ణమే. వాళ్ళలో హరికృష్ణా, వరంగల్ వైపు కుర్రాడు అర్జున్ ఇరిగేశీ ఉన్నారు.

మా అమ్మాయి మాటకొస్తే, ఆ రోజు మిగతా ముగ్గురూ కలిసి రెండు తెచ్చారు. దీని ఆటే మిగిలింది. రెండు బంట్లు తక్కువున్నా, మంత్రితో వరసపెట్టి రాజుకి చెక్ చెప్పి చెప్పి డ్రా చేసింది. ఆ అర పాయింటుతోనే జట్టు గెలిచింది. "నేను గెలవలేదుగా అమ్మా" అంటూ ఏడుస్తూ ఇంటికొచ్చింది, పిచ్చిది.

పదో తరగతికి రాగానే బోర్డు అటకెక్కించింది నేనే. మార్కులు పోతాయని భయం. ఇప్పుడు ఇంటర్. కాలేజీ జట్టులో ముగ్గురున్నారట, నాలుగో అమ్మాయి కావాలట. వాళ్ళ నాన్నగారు ఇంకా ఊఁ అనలేదు. నేను మాత్రం నిన్న అటక మీంచి బోర్డు దింపి తుడిచాను. తెల్ల గుర్రం ఒకటి కనబడలేదు. ప్రస్తుతానికి దాని చోట కుంకుడుగింజ పెట్టుకుని ఆడుతోంది.