తెర మీద ‘ఘాజీ’... మన రేవు ముందు ‘ఘాజీ’

విశాఖపట్నం: సముద్రం సినిమా అంటే మన ప్రేక్షకులకు అలవాటైనది ఒడ్డున ఒక పాట, పడవలో ఒక పోరాటం. కథ దాదాపు మొత్తం నీటి అడుగున, ఒక సబ్‌మెరైన్ కడుపులో నడిచిన తెలుగు చిత్రం 2017 ఫిబ్రవరిలో విడుదలైన ‘ఘాజీ’. సంకల్ప్ రెడ్డి దర్శకుడు. దగ్గుబాటి రానా, కే కే మీనన్, అతుల్ కులకర్ణి ముఖ్య పాత్రధారులు. తెలుగు, హిందీ భాషల్లో ఏకకాలంలో తీసిన ఈ చిత్రం ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా అందుకొంది.

చిత్రం బాగుంది. అందులో సందేహం లేదు. అయితే దాన్ని చూసిన మన పిల్లలు చాలామంది తెర మీద చూసిందే చరిత్ర అనుకుంటున్నారు. చరిత్ర వేరు. అది జరిగింది మన రేవు ముందే కనుక అసలు సంగతి మనకైనా తెలిసి ఉండాలి.

సినిమా కథ

సినిమాలో ‘ఎస్-21’ అనే భారత సబ్‌మెరైన్ నీటి అడుగున ఘాజీని వెంటాడుతుంది. మందుపాతర పేలి కెప్టెన్ మరణిస్తే రానా పాత్ర పగ్గాలు అందుకుని శత్రువును ముంచుతుంది. 1971లో ఘాజీతో ఏ భారత సబ్‌మెరైనూ ఇలా తలపడినట్లు మన నౌకాదళం చెప్పలేదు.

అసలు జరిగింది

ఘాజీ మొదట అమెరికా నౌకాదళంలో ‘డయాబ్లో’ అనే సబ్‌మెరైన్. తర్వాత పాకిస్తాన్‌కు చేరింది. కరాచీ నుంచి బంగాళాఖాతం దాకా వచ్చి పనిచేయగల సత్తా అప్పట్లో పాకిస్తాన్ సబ్‌మెరైన్లలో దీనికే ఉండేది. మన విమాన వాహక నౌక ‘విక్రాంత్’ను ముంచే పని మీద 1971 నవంబరు 14న అది కరాచీ నుంచి బయలుదేరింది.

అప్పుడు తూర్పు నౌకాదళానికి అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఆయన విక్రాంత్‌ను గుట్టుగా అండమాన్ వైపు పంపించి, అది విశాఖలోనే ఉందన్న నమ్మకం కలిగించారు. పెద్ద నౌకకు సరిపడా బియ్యం, మాంసం, కూరగాయలు కావాలని ఇక్కడి కంట్రాక్టర్లకు ఆర్డర్లు వెళ్లాయి. బజారులో పుట్టిన మాట శత్రువు చెవిన పడకపోదని ఆయన లెక్క. ‘రాజ్‌పుత్’ అనే పాత నౌక విక్రాంత్‌లా నటిస్తూ వైర్‌లెస్ సందేశాలు పంపింది.

డిసెంబరు 3 అర్ధరాత్రి రేవు దాటిన రాజ్‌పుత్, నీటిలో అనుమానాస్పదమైన కదలిక కనబడగా డెప్త్ ఛార్జీలు, అంటే నీటి లోతున పేలే బాంబులు వేసింది. తర్వాత వచ్చిన పెద్ద పేలుడుకు ఒడ్డున ఇళ్ల కిటికీలు గడగడలాడాయి. ఘాజీ మునిగింది. తాను పరిచిన మందుపాతరే పేలి మునిగిందని పాకిస్తాన్ అంటుంది. లోపల బ్యాటరీల నుంచి వెలువడే హైడ్రోజన్ వాయువు అంటుకుని ఉంటుందన్న వాదన కూడా ఉంది. ఇందులో ఏది నిజమో తేలలేదు. సినిమా మాత్రం వీటన్నిటినీ పక్కన పెట్టి సొంత కథ చెప్పింది.

మొదటి ఆనవాళ్లు తెచ్చింది మన జాలరులే

సినిమాలో కనబడని వాళ్లు ఇంకొందరున్నారు. వాళ్లు మన జాలరులు. వేటకు వెళ్లినవారు నీళ్ల మీద తేలుతున్న వస్తువులను చూసి, ఏరి తెచ్చి నౌకాదళానికి అందించారు. శత్రు సబ్‌మెరైన్ మునిగిందనడానికి దొరికిన తొలి ఆనవాళ్లలో అవీ ఉన్నాయి. గజ ఈతగాళ్లు దిగి చూసి నిర్ధారించాక డిసెంబరు 9న ప్రభుత్వం ప్రకటించింది. కథానాయకుడి పేరు అందరికీ తెలుసు. ఆ జాలరుల పేర్లు మాత్రం ఎవరి నోటా వినబడవు.

ఒకసారి చూసి రండి

సబ్‌మెరైన్‌లో బతుకు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి సినిమా అక్కరలేదు. రామకృష్ణా బీచిలో ‘కుర్సురా’ ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలోనూ పనిచేసి, 2001లో విశ్రాంతి తీసుకుని, 2002 నుంచి మ్యూజియంగా నిలిచింది. సుమారు 91 మీటర్ల పొడవు. లోపల నడవాలంటే తల వంచాలి, గుండ్రటి తలుపుల్లో దూరాలి. ఒకరి నెత్తి మీద ఒకరన్నట్లు పడకలు. డీజిల్ ఇంజన్లకు గాలి కావాలి కనుక నీటి అడుగున బ్యాటరీలే ఆధారం. అవి నిండాలంటే పైకి రాక తప్పదు. పక్కనే రోడ్డు మీద 1971 విజయానికి గుర్తుగా 1996లో కట్టిన స్మారకం ఉంది.

ఘాజీ ఇంకా మన సముద్రం అడుగునే ఉంది. అందులో 90 మందికి పైగా నావికులు ప్రాణాలు విడిచారు. శత్రువులే అయినా, వాళ్ల కోసం కూడా ఏదో ఒడ్డున తల్లులు ఎదురుచూశారు. 2024లో శిథిలాలను గుర్తించిన మన నౌకాదళం, మృతుల మీద గౌరవంతో వాటిని ముట్టుకోలేదని వార్తలు వచ్చాయి. సినిమా చూసిన పిల్లలకు గెలుపు కథతోపాటు ఈ మాట కూడా చెబితే మంచిది.