టామీకి ఏం పెడదాం?

పచ్చి మాంసమా, ప్యాకెట్ గుళికలా, పెరుగన్నమా? కొరకడానికి బొమిక వేయాలా, చ్యూ కొనాలా? కుక్కను పెంచే ఇళ్లలో ఇప్పుడిదో పెద్ద చర్చ!

ఒకప్పుడు మన ఇళ్లలో కుక్కకు ఏం పెట్టాలన్న ప్రశ్నే లేదు. అందరి భోజనాలూ అయ్యాక గిన్నెలో మిగిలిన అన్నం, అందులో కాస్త చారో మజ్జిగో. ఆదివారమైతే నాలుగు మటన్ బొమికలు. గేటు పక్కన సత్తు బొచ్చెలో వేస్తే, నాకి నాకి తోమిన గిన్నెలా చేసిపెట్టేది. ఇప్పుడు అదే టామీ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటోంది. దానికి తెలిసినవాళ్లూ ఎక్కువయ్యారు, సలహాలూ ఎక్కువయ్యాయి.

పెట్‌షాపు అబ్బాయి పది కిలోల సంచి చేతికిచ్చి 'ఇది తప్ప ఇంకేం పెట్టకండి సార్' అంటాడు. పొద్దున్నే వాకింగ్‌లో కలిసే జర్మన్ షెపర్డ్ యజమాని 'ప్యాకెట్ అంతా చెత్తండీ, పచ్చి చికెన్ మెడలు వేయండి, ఒళ్లు ఎలా మెరుస్తుందో చూడండి' అని హామీ ఇస్తాడు. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ సంచి మీద ధర చూసి బుగ్గలు నొక్కుకుంటుంది... 'కుక్కక్కూడా ఇంత ఖర్చా! కాసింత పెరుగన్నం కలిపి పెట్టండే' అంటుంది. ముగ్గురూ ప్రేమగానే చెబుతున్నారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది. చిక్కల్లా మిగతా దానితోనే.

ఓడ బిస్కెట్ నుంచి సిద్దిపేట దాకా

ప్యాకెట్ తిండి ఈమధ్య పుట్టిందేం కాదు. 1860 ప్రాంతంలో అమెరికా నుంచి లండన్ వచ్చిన జేమ్స్ స్ప్రాట్ అనే వ్యాపారి, రేవులో నావికులు పారేసిన గట్టి బిస్కెట్లను వీధికుక్కలు ఎగబడి తినడం చూశాడట. గోధుమపిండి, కూరగాయలు, మాంసం కలిపి కుక్కల కోసమే బిస్కెట్ చేయించి, దాన్ని దొరలకు అమ్మాడు. అక్కడ మొదలైన వ్యాపారం ఇప్పుడు మన గుమ్మంలోకే వచ్చేసింది. పెడిగ్రీ కంపెనీ అయిన మార్స్‌కు తెలంగాణలోని సిద్దిపేట జిల్లాలోనే కర్మాగారం ఉంది.

పచ్చి తిండి వాదం అంత పాతది కాదు. ఆస్ట్రేలియాకు చెందిన పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో 'గివ్ యువర్ డాగ్ ఎ బోన్' అనే పుస్తకం రాశాడు. కుక్క తోడేలు జాతిది కాబట్టి వండని మాంసం, పచ్చి ఎముకలు, కొన్ని కూరగాయలే దాని సహజాహారమన్నది ఆయన మాట. ఈ పద్ధతికి 'బార్ఫ్' అని పేరొచ్చింది. అమెరికన్ల వాడుక భాషలో బార్ఫ్ అంటే వాంతి! పేరు పెట్టేటప్పుడు ఎవరికీ తట్టలేదో, తట్టినా సరదాకి ఉంచేశారో మరి.

తోడేలు కాదు... మన ఇంటి జీవి

కుక్క తోడేలు సంతతిదే. అయితే వేల ఏళ్లు మనిషి పక్కన బతికాక దాని పొట్ట కూడా మారింది. స్వీడన్‌లోని ఉప్సలా శాస్త్రవేత్తలు 2013లో 'నేచర్' పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ అనే ఎంజైమును తయారుచేసే జన్యువును లెక్కబెట్టారు. తోడేలులో అది 2 ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా కనిపించింది. మనం పండించిన గింజల మీద మనతోపాటే బతకడానికి అది అలవాటుపడిందన్నమాట. కాబట్టి 'అన్నం కుక్కకు అరగదు' అనే మాటకు ఆధారం లేదు. అన్నం అరుగుతుంది. అన్నం ఒక్కటే చాలదు, అంతే.

పచ్చి తిండిని మెచ్చుకునేవాళ్లు చెప్పే లాభాల్లో కొన్ని కళ్లకు కనిపిస్తాయి. కుక్క ఇష్టంగా తింటుంది. విసర్జన తక్కువగా, గట్టిగా ఉంటుంది. ఎముక కొరికితే పళ్ల గార కొంత వదులుతుంది. ఇవి కాదనలేం. అయితే వెచ్చించాల్సిన మూల్యమే ఎక్కువ. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2010 నుంచి 2012 దాకా పెంపుడు జంతువుల ఆహారాన్ని పరీక్షించింది. పచ్చి మాంసపు ప్యాకెట్ల నమూనాలు 196 తీసుకుంటే 15లో సాల్మొనెల్లా, 32లో లిస్టీరియా దొరికాయి. ఎండు గుళికల్లో సాల్మొనెల్లా కనిపించింది ఒక్క నమూనాలోనే. పచ్చి మాంసం పెట్టొద్దని అమెరికా పశువైద్యుల సంఘం 2012లోనే తన సభ్యులకు సూచించింది.

'మా కుక్కకేం కాలేదే!' అంటారు చాలామంది. నిజమే, చాలా కుక్కలకు ఏమీ కాదు. ఆ క్రిములు పొట్టలోంచి బయటికి వస్తాయి, మూతికి అంటుకుంటాయి. అదే మూతితో మన చంటిదాని బుగ్గ నాకుతుంది. ఇంట్లో పాకే పిల్లలు, గర్భిణులు, కీమోథెరపీ చేయించుకుంటున్న పెద్దవాళ్లు ఉంటే ఆలోచించాల్సింది వాళ్ల గురించి. ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తే క్రిములు చస్తాయనుకోవడం కూడా పొరపాటే. గడ్డకట్టినప్పుడు అవి నిద్రపోతాయి, కరిగాక లేస్తాయి.

మన ప్రాంతానికి సంబంధించిన సంగతులు మరో రెండున్నాయి. ఒకటి హైడాటిడ్ తిత్తి. గొర్రె కార్జం, ఊపిరితిత్తుల్లో ఉండే ఈ తిత్తులను కుక్క పచ్చిగా తింటే దాని పేగుల్లో చిన్న బద్దెపురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు విసర్జనతో బయటపడి, చేతుల ద్వారా మన నోట్లోకి వెళితే, మన కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో ఏళ్ల తరబడి తిత్తి పెరుగుతుంది. చివరికి ఆపరేషన్ దాకా వెళ్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఆసుపత్రుల సర్జన్లకు ఇది కొత్త జబ్బు కాదు. మటన్ కొట్టువాడు 'కుక్కకే కదా' అని ఊరికే ఇచ్చే మిగులు ముక్కలతోనే ఈ ప్రమాదం. అవే ముక్కల్ని లోపలిదాకా ఉడికేలా వండితే ప్రమాదం పోతుంది.

రెండోది బర్డ్ ఫ్లూ. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు లక్షల్లో చనిపోయాయి. ఆ తర్వాతి నెలలోనే రాష్ట్రంలో ఒక పసిబిడ్డ ఆ వైరస్‌తో కన్నుమూసింది. ఆ బిడ్డ పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని అప్పట్లో వార్తలొచ్చాయి. ఇంట్లోకి పచ్చి చికెన్ ఎంత తెస్తే, అది నేల మీద ఎంతసేపుంటే, అంత జాగ్రత్త అవసరం. కుక్క తన ముక్కను బొచ్చెలోనే తినదు, సోఫా కిందికి లాక్కెళ్లి మరీ తింటుంది.

పెరుగన్నం లెక్క

ఇక అమ్మమ్మ మాట. 30 కిలోల ల్యాబ్రడార్‌కు రోజుకు సుమారు 1400 కేలరీలు కావాలి. పూటకు అరకిలో అన్నం, 200 గ్రాముల పెరుగు చొప్పున రెండు పూటలు పెడితే 1500 దాకా వస్తాయి. పొట్ట నిండినట్టే. మరి మాంసకృత్తులో? అన్నం, పెరుగు కలిపి 40 గ్రాములు. అమెరికా ప్రమాణాల లెక్కన దానికి కావలసింది 60 గ్రాములకు పైనే. ఈ లోటే ఏళ్ల తరబడి కొనసాగితే కండ తగ్గి, వెంట్రుకలు రాలి, పొట్ట మాత్రం గుండ్రంగా కనిపిస్తుంది. చూసినవాళ్లు 'బాగా బలిసిందే' అంటారు!

అన్నం కొంత తగ్గించి నాలుగు ఉడికించిన గుడ్లో, 100 గ్రాముల ఉడికించిన చికెనో కలపండి, మాంసకృత్తుల లోటు తీరుతుంది. కాల్షియం కోసం గుడ్డు పెంకులు కడిగి, వేయించి, మెత్తగా పొడిచేసి అర చెంచాడు కలపొచ్చు. గుమ్మడి, క్యారెట్ లాంటివి ఉడికించి వేయొచ్చు. ఉల్లి, వెల్లుల్లి మాత్రం వద్దు, అవి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. అంటే చారన్నం, బిర్యానీ మిగులు కూడా వద్దన్నట్టే. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా విషమే.

అయినా జింకు, అయోడిన్, విటమిన్-ఇ లాంటివి వంటింట్లో కొలతకు అందవు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్ పరిశోధకులు 2013లో కుక్కల ఇంటి వంటకాలు 200 పరిశీలిస్తే, 95 శాతం వాటిలో కనీసం ఒక పోషకమైనా తక్కువగా ఉంది. వాటిలో పశువైద్యులు రాసినవీ ఉన్నాయి! అందుకే ఇంటి వంటే పెడతామనుకునేవాళ్లు పశువైద్యుడిని అడిగి విటమిన్, ఖనిజాల పొడి రాయించుకోవడం మంచిది.

కుక్కపిల్లల విషయంలో మాత్రం ప్రయోగాలొద్దనే చెప్పాలి. ముఖ్యంగా గ్రేట్‌డేన్, జర్మన్ షెపర్డ్, ల్యాబ్ లాంటి పెద్ద జాతులవి. ఎముక లేని మాంసంలో ఫాస్ఫరస్ చాలా ఎక్కువ, కాల్షియం దాదాపు ఉండదు. 'మా పిల్లకు రోజూ అరకిలో చికెన్' అని మురిసిపోతుంటారు కొందరు. మూడు నెలలకు చూస్తే దాని ముందుకాళ్లు వంకర తిరిగుంటాయి. భయపడి కాల్షియం సిరప్ సీసాలు పట్టిస్తే ఇంకో చేటు... పెద్ద జాతి పిల్లలకు కాల్షియం ఎక్కువైనా ఎముక చెడుతుంది. ఏడాది నిండేదాకా పిల్లల కోసం చేసిన మంచి ప్యాకెట్ తిండి పెట్టడమే క్షేమం. ఇక్కడ మాత్రం పెట్‌షాపు అబ్బాయికే మార్కులు.

సంచి వెనక చదవండి

ప్యాకెట్ అంటే పూర్తిగా నమ్మేయాలనీ కాదు. 2007 మార్చిలో అమెరికాలో మెనూ ఫుడ్స్ అనే కంపెనీ 6 కోట్లకు పైగా డబ్బాలు, పౌచ్‌లు వెనక్కి తీసుకుంది. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో, మాంసకృత్తులు ఎక్కువున్నట్టు చూపించేందుకు మెలమైన్ కలిపారు. అది తిన్న కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు చెడి చనిపోయాయి. ధాన్యం లేని 'గ్రెయిన్ ఫ్రీ' తిండి మీద కూడా 2018లో ఎఫ్‌డీఏ హెచ్చరిక చేసింది. బఠానీ, పప్పులు ఎక్కువగా ఉన్న అలాంటి తిండికీ, కొన్ని కుక్కల్లో వచ్చిన గుండె జబ్బుకూ సంబంధం ఉందేమోనన్నది అనుమానం. అది ఇప్పటికీ తేలలేదు. ధాన్యం లేదని ఎక్కువ ధర పెట్టాల్సిన అవసరమైతే మామూలు కుక్కకు లేదు.

సంచి ముందున్న బొమ్మ కన్నా వెనకున్న చిన్నక్షరాలు ముఖ్యం. 'సంపూర్ణ, సమతుల ఆహారం' అని రాసుందా, ఏ వయసుకన్నది ఉందా చూడాలి. 'కాంప్లిమెంటరీ' అని ఉంటే అది పూర్తి భోజనం కాదు. మాంసకృత్తులు పెద్ద కుక్కకు 18 శాతానికి, పిల్లకు 22.5 శాతానికి తగ్గకూడదు. మాంసం ముట్టని ఇళ్లవాళ్లకు పచ్చచుక్కతో శాకాహార గుళికలూ దొరుకుతున్నాయి. ఎదిగిన కుక్క వాటితో బతకగలదు. పిల్లి మాత్రం బతకలేదు, అది వేరే కథ.

ధరను సంచి లెక్కన కాకుండా రోజు లెక్కన చూడండి. చవక సంచిలో పిండి ఎక్కువ కాబట్టి గుళికలు ఎక్కువ పెట్టాల్సి రావచ్చు. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో నెలలో అయిపోయే సంచే కొని, అదే సంచిలో మూతి బిగించి ఉంచాలి. తేమ తగిలితే బూజు విషం పుడుతుంది. అడుగున గుళికలు ముక్క వాసన వేస్తుంటే పారేయడమే. తిండి మార్చేటప్పుడు పాతదానిలో కొత్తది కొంచెం కొంచెంగా పెంచుతూ వారం రోజులు తీసుకోండి. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి, ఆ నింద కొత్త కంపెనీ మీద పడుతుంది!

కొరకడానికేదీ?

కుక్కకు కొరకడం తిండి కోసమే కాదు. పొద్దుపోవడానికి కూడా. కొరకడానికేమీ లేకపోతే చెప్పులున్నాయి, సోఫా కాలుంది.

ఉడికించిన బొమికలు మాత్రం వేయకండి, ముఖ్యంగా కోడివి. తెలంగాణలో బొక్కలన్నా, కోస్తాలో దుమ్ములన్నా, ఉడికాక అవి సూదుల్లా చీలతాయి. గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటే ఆపరేషనే. దుకాణంలో అమ్మే కాల్చిన ఎముకలూ అంతే. వాటివల్ల 15 కుక్కల దాకా చనిపోయినట్టు తమకు ఫిర్యాదులొచ్చాయని ఎఫ్‌డీఏ 2017లో చెప్పింది. 'మరి మా ఊళ్లో కుక్కలన్నీ తింటున్నాయిగా' అనొచ్చు. తిని చచ్చిపోయినవాటిని ఎవరు లెక్కబెట్టారు?

మెలితిప్పి ముడివేసినట్టుండే తెల్లటి 'రాహైడ్' చ్యూ నిజానికి తోలే. పశువుల చర్మాన్ని సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, లోపలిపొరను చుట్టి ఆరబెడతారు. నెమ్మదిగా నమిలే కుక్కకు ఫర్వాలేదు. ఆబగా మింగే ల్యాబ్‌కు మాత్రం ఇవ్వకపోవడమే మేలు. పెద్దముక్క పొట్టలో ఉబ్బి అడ్డుపడుతుంది. ఎండబెట్టిన పంది చెవులవల్ల 2019లో అమెరికాలో 150 మందికి పైగా మనుషులకు సాల్మొనెల్లా సోకింది. గేదె గిట్టలు, దుప్పి కొమ్ములు మరీ గట్టివి. వాటితో పైదవడ పెద్ద పన్ను నిలువునా పగులుతుంది. పశువైద్యులు చెప్పే తేలిక పరీక్ష ఒకటుంది. బొటనవేలి గోటితో నొక్కితే కొంచెమైనా నొక్కు పడాలి. పడకపోతే అది పంటికన్నా గట్టిదని అర్థం. పళ్లకోసమే కొనేటట్టయితే పంటి ఆరోగ్య మండలి 'వీఓహెచ్‌సీ' ముద్ర ఉన్నవి వెతకండి. వారానికి మూడు నాలుగుసార్లు కుక్కల పేస్టుతో బ్రష్ చేస్తే ఇంకా నయం. మన పేస్టు మాత్రం వద్దు.

ఈమధ్య బాగా అమ్ముడవుతున్నది నేపాల్, హిమాలయ ప్రాంతాల ఛుర్పీ. చమరీమృగం, ఆవు పాలను విరిచి, నీరు పిండి, పొగమీద ఎండబెట్టిన గట్టి జున్నుకడ్డీ అది. వాసన తక్కువ, ఇంట్లో మాంసం ముట్టనివాళ్లకూ అభ్యంతరం ఉండదు. గట్టిదే కాబట్టి ముసలి కుక్కలకు, పళ్లు బలహీనమైనవాటికి వద్దు. ఏ చ్యూ అయినా కుక్క నోటికన్నా పెద్దదిగా ఉండాలి, నమిలేటప్పుడు ఎవరో ఒకరు అక్కడే ఉండాలి. నమిలి నమిలి బొటనవేలంత అయ్యాక ఊడబెరికితే మొరుగుతుంది, ఇంకేదైనా చూపించి మార్పిడి చేసుకోవాలి. ఛుర్పీ చివరి ముక్కను పారేయక్కర్లేదు. కాసేపు నీళ్లలో నానబెట్టి మైక్రోవేవ్‌లో పెడితే పేలాల్లా ఉబ్బి గుల్లగా అవుతుంది. పూర్తిగా చల్లారాకే బొచ్చెలో వేయండి, లోపల చాలాసేపు వేడిగా ఉంటుంది.