మీకు తెలుసా? టీ 'స్ట్రాంగ్'గా ఉంటుంది, 'పవర్‌ఫుల్'గా ఉండదు!

ఇంగ్లిష్‌లో ఒక్క అర్థానికి మూడేసి మాటలు ఎదురవడానికి చరిత్రే కారణం. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక పాలకుల ఫ్రెంచి, చదువుల లాటిన్ జనం మాటలో కలిసిపోయాయి. 'ఆస్క్' ఇంట్లో వాడే పాత మాట. ఫ్రెంచి ద్వారా వచ్చిన 'క్వశ్చన్'లో నిలదీసే ధోరణి ఉంటుంది. లాటిన్ మూలమున్న 'ఇంటరాగేట్' పోలీసులకే నప్పుతుంది. టైమెంతైందని స్నేహితుణ్ణి ఎవరూ ఇంటరాగేట్ చేయరు.

ఇలాంటి దగ్గరి మాటలను గుదిగుచ్చి పీటర్ మార్క్ రోజే అనే వైద్యుడు 1852లో థెసారస్ తెచ్చారు. థెసారస్ గొప్ప పుస్తకమే కానీ, ఏ మాట దేనితో జతకడుతుందో అది చెప్పదు. ఉదాహరణకు, టీలాగే గాలి కూడా 'స్ట్రాంగ్', వాన మాత్రం 'హెవీ'. మనం అన్నిటికీ 'చూడు' అనేస్తాం. ఇంగ్లిష్‌లో మాత్రం ఫొటోకు 'లుక్ ఎట్', టీవీకి 'వాచ్' వాడాలి. ఈ జోడీలనే కొలొకేషన్లు అంటారు. కొత్త మాటను ఒంటరిగా బట్టీ పట్టకండి, జోడీతోనే నోట్సులో రాసుకోండి. ఈ జోడీల కోసమే ఆక్స్‌ఫర్డ్ 2002లో విద్యార్థులకు ప్రత్యేకంగా ఒక నిఘంటువు వేసింది.