పెద్దబడి, చిన్నబడి
మన లిపిలో పెద్దబడి, చిన్నబడి అక్షరములు లేవు, ఇంగ్లీషులో కలవు. ఆస్కీ సంకేతములో పెద్దబడి ‘ఎమ్’ 77, చిన్నబడి ‘ఎమ్’ 109. కంప్యూటరుకు అవి వేర్వేరు అక్షరములు.

ఒక విద్యార్థి మార్కులు జేసన్ రూపములో వచ్చినవనుకొందము. అందులో ‘మార్క్స్’ అను పేరు చిన్నబడి ఎమ్‌తోను, దానిని చదువు సి షార్ప్ ప్రోగ్రాములో పెద్దబడి ఎమ్‌తోను ఉన్నవి. 2019లో వెలువడిన ‘సిస్టమ్ టెక్స్ట్ జేసన్’ సాధనము, వేరే సూచన లేనిచో, ఆ రెంటిని జతపరచదు. తప్పని చెప్పదు కూడ. మార్కులను సున్నగా మిగుల్చును. అది విద్యార్థి తెచ్చుకొన్న సున్నయో, పేరు కలియని సున్నయో తెలియదు!

బడిభేదము పాటింపవద్దని సాధనమునకు ముందే చెప్పవచ్చును. లేదా జేసన్‌లోని పేరునే ప్రోగ్రాములో పేర్కొనవచ్చును. ఆ అంశము తప్పక రావలెనని 2022 నుండి విధింపను వచ్చును. అప్పుడు పేరు కలియనిచో సున్నకు బదులు దోషసూచన వచ్చును.