చిన్న అబద్ధానికి మెదడు అలవాటు పడితే

మా మనవరాలు గచ్చిబౌలి దగ్గర ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం చదువుతోంది. "నా విలువలు, నాయకత్వంలో నా ఎదుగుదల" అనే విషయం మీద రెండు పేజీలు రాసుకు రమ్మన్నారట. నిజాయితీ, కరుణ, బాధ్యత, కలిసి పనిచేయడం అని నాలుగు మాటలు రాసి, వాటి కింద నాలుగేసి వాక్యాలు చేర్చి నాకు చూపించింది. "తాతయ్యా, ఇవి చాలా? ఇంకేమైనా కలపనా?" అంది.

మాటలన్నీ మంచివే. "ఇవి నీలో ఉన్నాయని ఎలా తెలిసిందమ్మా? ఎవరైనా కొలిచి చూశారా?" అని అడిగాను. "విలువల్ని కొలుస్తారా ఎక్కడైనా?" అంది ఆశ్చర్యంగా. కొలిచారు. చాలా ఓపికగా, ఒకటికి పదిసార్లు కొలిచారు. ఆ కబుర్లే ఇవాళ్టివి. దానికి చెప్పినట్టే మీకూ చెబుతాను.

అమెరికాలో ప్రిన్స్‌టన్ అనే ఊరుంది. అక్కడ మతగురువులు కాబోయే విద్యార్థుల మీద జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేసి, 1973లో ప్రచురించారు. నలభై మంది విద్యార్థులు. ఒక్కొక్కరూ ఒక భవనం నుంచి పక్క భవనానికి నడిచి వెళ్ళి చిన్న ప్రసంగం చెయ్యాలి. అందులో సగం మందికి ఇచ్చిన అంశం బైబిల్లోని మంచి సమరయుడి కథ. దొంగలు కొట్టి పడేసిన మనిషిని, తనవాళ్ళంతా చూసీ చూడనట్టు పోతే, ఒక పరాయివాడు ఆగి ఆదుకున్న కథ అది. సరిగ్గా ఆ దారిలోనే, ఒక గుమ్మంలో, ఒక మనిషి తల వాల్చేసి దగ్గుతూ మూలుగుతూ కనిపిస్తాడు. అతను ప్రయోగం చేసేవాళ్ళ మనిషే. ఎవరు ఆగుతారో చూడడమే అసలు పరీక్ష.

తీరిగ్గా వెళ్ళమని పంపినవాళ్ళలో 63 శాతం మంది ఆగి సాయం చేశారు. సమయానికి వెళితే చాలన్నవాళ్ళలో 45 శాతం. "అయ్యో, ఇప్పటికే ఆలస్యమైంది, త్వరగా పరుగెత్తు" అని చెప్పి పంపినవాళ్ళలో ఆగింది 10 శాతం మంది. మంచి సమరయుడి గురించి మాట్లాడబోతున్నారా, వేరే సంగతి మాట్లాడబోతున్నారా అన్నది చెప్పుకోదగ్గ తేడా ఏమీ తేలేదు. ఆ కథను మనసులో వల్లె వేసుకుంటూనే, ఆ కథలోని మనిషిలాంటి మనిషిని దాటి వెళ్ళిపోయారన్నమాట.

ఈ లెక్క విన్నవాళ్ళు ఆ విద్యార్థుల్ని తప్పుపడతారు. నాకు మాత్రం ఇందులో కనిపించే ముఖ్యమైన సంగతి వేరు. తొందర ఆ పిల్లల్లో పుట్టింది కాదు. "ఆలస్యమైంది" అని ఎవరో వాళ్ళకు చెప్పారు. ఆ ఒక్క మాటతో సాయం చేసేవాళ్ళు ఆరో వంతుకు పడిపోయారు. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఉన్న మన ఆఫీసుల్లో ఆ మాట రోజుకు ఎన్నిసార్లు వినబడుతుందో ఆలోచించండి. స్ప్రింటు ముగుస్తోంది, రిలీజు రేపే, క్లయింటు కాల్ అరగంటలో. టీమ్ లీడ్ అంటే ఏమిటో మా మనవరాలికి ఇలా చెప్పాను: "మిగతావాళ్ళ తొందర ఎవరి చేతిలో ఉందో వాళ్ళే లీడ్, తల్లీ. నీ కరుణ సంగతి తరవాత. నీ కింద పనిచేసేవాడికి ఆగడానికి నువ్వు వ్యవధి ఇచ్చావా లేదా, ముందు అది చూసుకో."

ఇక నిజాయితీ. దీనికి మెదడులోనే కొలత దొరికింది. 2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన శాస్త్రవేత్తలు ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. గాజు సీసా నిండా చిల్లర నాణేలున్న ఫోటో చూపిస్తారు. అందులో ఎంత సొమ్ముందో అంచనా కట్టి, పక్క గదిలో ఉన్న భాగస్వామికి చెప్పాలి. అంచనా పెంచి చెబితే చెప్పినవాడికి లాభం, భాగస్వామికి నష్టం అని కొన్నిసార్లు ఏర్పాటు చేశారు. మొదట్లో కొద్దిగానే పెంచి చెప్పారు. ఆట సాగేకొద్దీ పెంచడం పెరుగుతూ పోయింది. లాభం తనకు లేకుండా అవతలివాడికే ఉన్నప్పుడు మాత్రం ఆ పెరుగుదల కనబడలేదు.

వాళ్ళలో కొంతమందిని స్కానర్‌లో పడుకోబెట్టి ఆడించారు. మన కణతల లోపలి వైపు, ఇటొకటి అటొకటి, అమిగ్డలా అనే చిన్న భాగం ఉంటుంది. భయం, బెరుకు, ఉద్వేగం వంటివాటిలో దాని పాత్ర పెద్దది. మొదటి అబద్ధానికి అది గట్టిగా స్పందించింది. తరవాతి అబద్ధానికి కొంచెం తక్కువ, ఆ తరవాతిదానికి ఇంకా తక్కువ. స్పందన ఎంత తగ్గిందో చూసి, తరవాతి అబద్ధం ఎంత పెద్దదవుతుందో కూడా ముందే అంచనా కట్టగలిగారు. ఇంగువ పోపు వేసిన ఇంట్లోకి బయటి నుంచి వచ్చినవాళ్ళకు గుమ్మంలోనే వాసన గుప్పుమంటుంది, వంటింట్లో ఉన్నవాళ్ళకు ఆ సంగతే తెలియదు. ముక్కుకు జరిగేదే అమిగ్డలాకూ జరుగుతోంది. వాసన ఎక్కడికీ పోలేదు, పట్టే శక్తి మొద్దుబారింది.

చిన్న అబద్ధం ఇలా పెరగడానికి సైబరాబాద్ చరిత్రలోనే పెద్ద సాక్ష్యం ఉంది. ఇప్పటి పిల్లలకు అంతగా తెలియదు, అందుకని కాస్త వివరంగా చెబుతాను. బి. రామలింగరాజు 1987లో హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ స్థాపించారు. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి అది మన ఊరి పేరు విదేశాల్లో వినిపించే కంపెనీల్లో ఒకటి. తరవాత న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకీ వెళ్ళింది. యాభై వేల మందికి పైగా ఉద్యోగులు. మన పల్లెటూళ్ళ నుంచి వచ్చిన ఎందరో పిల్లలకు మొదటి ఉద్యోగం అక్కడే.

2009 జనవరి 7న రామలింగరాజు తన బోర్డుకు ఒక ఉత్తరం రాశారు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని అందులో ఒప్పుకున్నారు. అంతకు ముందు సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలల లెక్క చూడండి. నిర్వహణ లాభం 649 కోట్లని ప్రకటించారు. నిజంగా వచ్చింది 61 కోట్లు. ఇంత దూరం ఎలా వచ్చింది? మొదట్లో అసలు లాభానికీ చూపిన లాభానికీ తేడా చిన్నదేననీ, ఏళ్ళు గడిచేకొద్దీ అది పెరిగి చేయి దాటిపోయిందనీ ఆయనే రాశారు. పులి మీద స్వారీ చేస్తూ, దిగితే అది తినేస్తుందన్న భయంతో దిగలేకపోవడం లాంటిదని తన స్థితిని చెప్పుకున్నారు. ఆయన మెదడులో ఏం జరిగిందో ఏ స్కానూ చూడలేదు, నేనూ చెప్పను. కానీ ఉత్తరంలో ఉన్న తేడా, ప్రయోగంలో ఉన్న తేడా ఒకే తీరున పెరిగాయి. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఆయనతో కలిపి పది మందిని దోషులుగా తేల్చి ఏడేళ్ళ జైలుశిక్ష వేసింది. వాళ్ళు అప్పీలుకు వెళ్ళారు.

ఇదే మనిషి చొరవతో 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైంది. తరవాత అది ఎన్నో రాష్ట్రాలకు పాకింది. రోడ్డు మీద పడిపోయిన మనిషి కోసం ఆగే పనిని ఒక వ్యవస్థగా మార్చిన ఏర్పాటు అది. దాని వల్ల బతికినవాళ్ళు మన ఊళ్ళన్నిట్లో ఉన్నారు. ఈ రెండు నిజాల్నీ పక్కపక్కన పెట్టి చూడమని మా మనవరాలికి గట్టిగా చెప్పాను. కరుణ ఉన్నంత మాత్రాన లెక్కల దగ్గర నిజాయితీ తనంతట తాను రాదు. ఒకచోట మంచివాళ్ళమన్న ధీమాతో ఇంకోచోట చిన్న తేడాను వదిలేస్తే, అది అక్కడ పెరుగుతూనే ఉంటుంది. "నాకు విలువలున్నాయి" అని కాగితం మీద రాసుకోవడం వల్ల ఆ పెరుగుదల ఆగదు.

"మరి దేనివల్ల ఆగుతుంది?" అని అడిగింది. అడిగి, తన ప్రాజెక్టు సంగతి చెప్పింది. నలుగురు పిల్లలు కలిసి, చేత్తో రాసిన తెలుగు అక్షరాలను గుర్తుపట్టే ప్రోగ్రామ్ చేస్తున్నారు. ఆ జట్టుకు టీమ్ లీడ్ మా మనవరాలే. ఇలాంటి పనిలో అక్షరాల బొమ్మల్ని రెండు గుట్టలుగా విడదీస్తారు. ఒక గుట్ట చూపించి యంత్రానికి నేర్పాలి. అది ఎన్నడూ చూడని రెండో గుట్టతో పరీక్ష పెట్టాలి. వీళ్ళకు ఫలితం చాలా బాగా వచ్చింది. తీరా చూస్తే, ఒకే మనిషి రాసిన కాగితాలు రెండు గుట్టల్లోనూ ఉన్నాయి. యంత్రం అక్షరాలతో పాటు ఆ మనుషుల చేతిరాతనూ గుర్తుపెట్టుకుంది. మనుషుల వారీగా విడదీసి మళ్ళీ పరీక్షిస్తే ఒత్తుల దగ్గరా గుణింతాల దగ్గరా తడబడి, మార్కు బాగా దిగిపోయింది. వైవా దగ్గర పడింది. ఒకడు "పాత నంబరే ఉంచేద్దాం, ఎవరు చూడొచ్చారు" అన్నాడు. ఒకమ్మాయి మాట్లాడలేదు. తాను కాదంటే టీము విడిపోతుందేమోనని మా పిల్ల భయం.

అప్పుడు దానికి సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కథ చెప్పాను. 1950ల్లో ఆయన కొందరు కాలేజీ విద్యార్థుల్ని ఒక గదిలో కూర్చోబెట్టి, ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దాంతో సమానమైనది ఏదో చెప్పమనేవాడు. చిన్నపిల్లలు కూడా చెప్పగల ప్రశ్న. కానీ గదిలో ఒక్కడు తప్ప మిగిలినవాళ్ళంతా ఆష్ మనుషులే. వాళ్ళు ముందే కూడబలుక్కుని కొన్నిసార్లు తప్పు గీతను చూపేవాళ్ళు. అలాంటప్పుడు ఆ ఒక్కడి జవాబుల్లో దాదాపు మూడో వంతు వాళ్ళ తప్పు వైపే పోయాయి. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా లొంగారు. కళ్ళెదుట కనిపించే గీత విషయంలోనే ఇలా ఉంటే, ప్రాజెక్టు నంబరు విషయంలో మనిషి మెత్తబడడంలో వింతేముంది? అయితే ఆష్ ఇంకో మార్పు చేసి చూశాడు. గదిలో మరొక్క మనిషి చేత నిజం చెప్పించాడు. ఆ ఒక్కడూ తోడుంటే ఒత్తిడి బలం నాలుగో వంతుకు పడిపోయింది. నలుగురిలో అందరూ మారనక్కరలేదు. ఒక్కరు చాలు.

మా పిల్ల మర్నాడు ఆ మాట్లాడని అమ్మాయితో విడిగా మాట్లాడింది. ఆమెదీ ఇదే అభిప్రాయమట, నోరు తెరవలేదంతే. ఇద్దరూ కలిసి చెబితే మిగిలిన ఇద్దరూ సరేనన్నారు. తగ్గిన నంబరుతోనే రిపోర్టు ఇచ్చారు. తప్పు ఎలా దొరికిందో ఒక అధ్యాయంగా రాయమని వాళ్ళ గైడు చెప్పారట. నిజాయితీ అనే మాట కింద అది రాసిన నాలుగు వాక్యాల కన్నా ఈ అధ్యాయమే దాని నాయకత్వానికి రుజువు అని నేను నమ్ముతున్నాను.

ఇక్కడ ఇంకో పరిశోధన చెప్పాలి. ఎయిమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను లెక్కగట్టింది. మంచి నాయకత్వమున్న నర్సుల జట్లలో పొరపాట్లు తక్కువుంటాయని అనుకుంది. లెక్క తిరగబడింది. మంచి జట్లలోనే ఎక్కువ నమోదయ్యాయి! లోతుగా చూస్తే తెలిసింది, మంచి జట్లలో నర్సులు జరిగిన పొరపాటును వెంటనే చెబుతున్నారు, భయపెట్టే జట్లలో దాచేస్తున్నారు. దాచిన పొరపాటును ఎవరూ దిద్దలేరు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్ళకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కరలేదు. కోడ్ రాసిన రోజే చెప్పిన బగ్‌కు గంట పడితే, ప్రొడక్షన్‌లో బయటపడిన బగ్‌కు రాత్రుళ్ళు పడతాయి.

పొరపాటు పడ్డవాణ్ణి భయపెట్టని నాయకుడు ఎలా ఉంటాడో చూడండి. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివి, 2014లో మైక్రోసాఫ్ట్ అధిపతి అయిన సత్య నాదెళ్ళ తన పుస్తకంలో స్కూలు క్రికెట్ సంగతి ఒకటి చెప్పారు. తన బౌలింగు బాగా సాగని రోజున కెప్టెన్ బంతి తీసుకుని, తానే వేసి, వికెట్టు పడగొట్టాడట. వెంటనే బంతి మళ్ళీ ఈయనకే ఇచ్చాడట. ఆట మధ్యలో ఒక పిల్లవాడి ధైర్యం పోకుండా చూసుకున్న ఆ కెప్టెన్ వయసు మా మనవరాలి కన్నా చిన్నది.

ఇలాంటివి చదువులో భాగంగా నేర్పే చోటూ మన ఊళ్ళో ఉంది. గచ్చిబౌలిలోనే 1998లో మొదలైన ట్రిపుల్ ఐటీలో, మొదటి డైరెక్టరు రాజీవ్ సంగల్ కాలం నుంచీ, మానవ విలువలు కూడా పాఠంగా ఉన్నాయి. భారతీయ భాషల మధ్య యంత్రానువాదం మీద పనిచేసిన శాస్త్రవేత్త ఆయన. ఇది మంచిది, అది చెడ్డది అని ఉపన్యాసం ఇవ్వకుండా, చిన్న చిన్న గుంపులుగా కూర్చుని, తన మనసుకు ఏది సహజంగా సమ్మతమో విద్యార్థి తానే తరచి చూసుకోవాలన్నది ఆ పద్ధతి. కంప్యూటరు చదువుకు నిలయమైన చోట ఇంత శ్రద్ధగా దీన్ని పెట్టడం నాకెంతో నచ్చిన సంగతి. చిన్న గుంపు కావడమే దాని బలం అనుకుంటాను. నలుగురి ముందు నిజం చెప్పడం అలవాటయ్యేది అక్కడే.

హైటెక్ సిటీలో టీమ్ లీడ్లుగా, మేనేజర్లుగా ఉన్న మా పిల్లలందరికీ నాదొక విన్నపం. కాలేజీల నుంచి కొత్త బ్యాచి మీ దగ్గరికి వస్తుంది. మొదటి వారంలోనే, ఏదో ఒక స్టాండప్‌లో, మీ పొరపాటు ఒకటి వాళ్ళ ముందు మీరే చెప్పండి. వాళ్ళలో ఎవరైనా "ఇది రేపటికి పూర్తి కాదండీ" అనో, "ఈ నంబరు తప్పండీ" అనో అంటే, పక్కన నిలబడే ఆ రెండో మనిషి మీరే అవ్వండి. ఆ మాట అన్నందుకు ఏడాది చివర వాళ్ళ రేటింగు మాత్రం తగ్గించకండి.