ఇల్లు మారునప్పుడు సామానులు సర్దుట

ఉద్యోగరీత్యా ఊరు మారు కుటుంబములు మన పాఠశాలలో ననేకములు గలవు. మేమును రెండు పర్యాయములు మారితిమి. మొదటిసారి తొందరలో మూటలు గట్టితిమి. పింగాణి పళ్లెములు సగము పగిలెను. మా యన్నగారి బదిలీ పత్రము ఏ పెట్టెలో నున్నదో తెలియక వారు పదిదినములు బడికి పోలేకపోయిరి. రెండవసారి యట్టి నష్టము కలుగలేదు. కారణములను విన్నవించెదము.

పళ్లెములను దొంతిగా బేర్చిన పైవాని భారమంతయు అడుగుదానిపై బడును. అంచులపై నిలువుగా నిలిపి నడుమ వరిగడ్డి కూర్చిన, బండి కుదుపును గడ్డి యణచును. పుస్తకములు మిక్కిలి బరువు గనుక చిన్న పెట్టెలలోనే యుంచవలెను. బరువైనవి అడుగునను, తేలికవి పైనను ఉండవలెను. ఊరగాయ జాడీలకు వాసెన గట్టి, ఒరగకుండ నిలుపవలెను. కిరసనాయిలును బియ్యము చెంత నుంచరాదు. బియ్యము ఆ వాసనను పట్టును.

ప్రతి పెట్టెకు అంకె వేసి, అందలి వస్తువుల జాబితా వ్రాసికొనవలెను. మొదటిపూటకు వలయు దీపము, అగ్గిపెట్టె, బియ్యము, గిన్నెలు వేఱుమూటగా గట్టవలెను.

దస్తావేజులు, బదిలీ పత్రములు పెద్దల చేతిసంచిలోనే యుండవలెను. పత్రము ఆలస్యమైనను ప్రభుత్వ పాఠశాలలో ప్రవేశము నిరాకరింపరాదని 2009 విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. కాని యది 6 మొదలు 14 ఏండ్లవారికే వర్తించును. పై తరగతుల విద్యార్థులు దీనిని మఱవరాదు. పళ్లెములను మరల కొంటిమి. అన్నగారికి తప్పిన పాఠములను మాత్రము వేసవి సెలవులవఱకు చదువవలసి వచ్చెను.