కల్లంలో కాస్త చోటు

జబ్బుపడి లేచిన మనిషి మళ్లీ పనిలోకి వచ్చేదెలా?

మిరప కోతల కాలంలో కంచికచర్ల మండలం చెవిటికల్లు వైపు పొద్దున్నే ఆటోలు కూలీలతో కిక్కిరిసి పోతుంటాయి. పదిహేను మంది ఆడవాళ్లు ఒక ముఠా, ముఠాకో మేస్త్రి. ఎవరి చెయ్యి చురుకు, ఎవరు మధ్యాహ్నానికి నీరసిస్తారు, అంతా ఆ మేస్త్రికి తెలుసు. ముఠాలో ఒకామె నెలన్నర కనబడకపోతే ఆ సాలులోకి ఇంకొకామె వస్తుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. పండిన కాయ ఎవరి కోసమూ ఆగదు.

గర్భసంచి ఆపరేషనో, టీబీయో, బండి మీంచి పడి చెయ్యి విరగడమో, ఆసుపత్రికి దారి అందరికీ తెలుసు. అక్కణ్నుంచి మళ్లీ చేలోకి వచ్చే దారి మాత్రం ఎవరూ చెప్పరు. ‘బరువులు ఎత్తకూడదు’ అని డాక్టరు చీటీ మీద రాసిస్తాడు. మిరప బస్తా సరే, మంచినీళ్ల బిందె మాటేమిటి? వంగి కొయ్యడం బరువు కిందికి వస్తుందా, రాదా? దీనికి జవాబు అంతకు ముందే కుట్లు పడి లేచొచ్చిన మనిషి దగ్గర దొరుకుతుంది. ‘ఈ పది రోజులూ సాలు పట్టకు అక్కా, కల్లంలో కూర్చుని తాలు ఏరు’ అంటుందామె. ఎండిన కాయల్లోంచి రంగు చెడి తెల్లబారినవి ఏరిపారేసే పని అది. కూర్చుని చేసేది. ముఠాలో ఒళ్లు కుదుటపడనివాళ్లకు అంతకన్నా మంచి చోటు లేదు.

ముందు లేచొచ్చినవాళ్ల మాట విలువ టీబీలో మరీ తేటగా కనిపిస్తుంది. ఆరు నెలల మందులు మొదలెట్టగానే మూత్రం ఎర్రగా వస్తుంది. రిఫాంపిసిన్ రంగు అది. ముందుగా చెప్పకపోతే రక్తమనుకుని మాత్రలు మానేసేవాళ్లుంటారు. ‘నాకూ అలాగే వచ్చింది, భయపడకు’ అనే మాట మందుబిళ్ల అంత పని చేస్తుంది. జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం జబ్బు నయమైనవాళ్లకు శిక్షణ ఇచ్చి ‘టీబీ చాంపియన్లు’గా తయారుచేస్తున్నది ఇందుకే.

డబ్బు మాటకొస్తే, 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్య ఆసరా పథకం తెచ్చింది. ఆరోగ్యశ్రీ చికిత్స తర్వాత విశ్రాంతిలో ఉన్నన్నాళ్లు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇస్తామంది. కూలి మనిషి విశ్రాంతికి కూడా వెల కట్టాలని ఒప్పుకున్నందుకు ఆ ఆలోచనను మెచ్చుకోవాలి. కానీ అది ఇంట్లో ఉన్నన్నాళ్ల లెక్క. అసలు చిక్కు పనిలోకి దిగిన మొదటి వారంలో ఉంది. కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట సగం పనే చెయ్యగలిగిన మనిషికి సగం కూలే.

ఈ ముడిని ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ పథకం ఒకసారి విప్పింది. వికలాంగులకు విడిగా శ్రమశక్తి సంఘాలు కట్టించింది. వంద రోజుల బదులు 150 రోజుల పని, కొలతలో 30 శాతం తగ్గింపు. అంటే డెబ్బై వంతుల మట్టి తీస్తే పూర్తి కూలి. పక్కన గడ్డపార పట్టినవాళ్లందరూ ఏదో ఒక లోటు ఉన్నవాళ్లే కనుక, ఏ పని ఎలా పట్టాలో ఒకరికొకరు చూపించుకునేవారు. అక్కడ జాలిపడేవాళ్లు లేకపోవడమే పెద్ద సౌకర్యమని నాకనిపిస్తుంది.

‘మయూరి’ సినిమా గుర్తుందిగా? 1981లో తిరుచ్చి దగ్గర ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న నర్తకి సుధాచంద్రన్ కథ అది. సింగీతం శ్రీనివాసరావు తీశారు, ఆమే నటించింది. మనం దాన్ని పట్టుదల కథగా దాచుకున్నాం. ఆ పట్టుదల నిలబడింది మాత్రం రామ్‌చంద్ర శర్మ అనే పనివాడూ, డాక్టర్ సేథీ కలిసి రూపొందించిన జైపూర్ కృత్రిమ కాలు మీద. ఒంటరిగా లేచి నిలబడ్డ మనిషి సినిమా పోస్టర్ మీదే ఉంటాడు.

పట్టుదల ఒక్కటే చాలదనడానికి ఇంకో సాక్ష్యం. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు ఒకరి కేసులో తీర్పు చెప్పింది. రంగులు గుర్తించలేడని ఆయన్ను ఉద్యోగం నుంచి తప్పించారు. వేరే పని చూపించాల్సిందేనని కోర్టు సంస్థకు చెప్పింది. వికలాంగుల హక్కుల చట్టం ఉండనే ఉంది. ఆ డ్రైవరును ఒడ్డున పడేసింది మాత్రం అంతకన్నా పాతది, 1979లో కార్మిక సంఘాలు యాజమాన్యంతో చేసుకున్న ఒప్పందం. ఎప్పుడో ఎవరో స్టీరింగు పట్టినవాళ్లు, తమ తర్వాత వచ్చేవాళ్ల కోసం రాయించుకున్న కాగితం.

చెవిటికల్లు ముఠాకు అలాంటి కాగితం లేదు. పరిటాల వైపు కంకర క్రషర్లలో దుమ్ము మింగే దినకూలీకీ లేదు. ఉన్నదల్లా మేస్త్రి నోటిమాట. అందుకే ఈ విన్నపం మేస్త్రులకూ, రైతులకూ: ఈసారి కోతల్లో జబ్బుపడి లేచొచ్చిన మనిషిని మొదటి పది రోజులు కల్లంలో కూర్చోబెట్టండి, ఆ దారిన ముందు నడిచినామెను పక్కనే ఉంచండి, ఇద్దరికీ పూర్తి కూలి ఇవ్వండి.